గొట్టముల నతుకు విద్య



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము కావ్యము గాదు, వ్యాకరణమును గాదు. ఇనుప గొట్టములను అతుకు విద్య. దానినే వెల్డింగు అందురు. బడిపిల్లలకు శబ్దములును సంధులును చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులునకు ఈ నిప్పుల పనితో ప్రసక్తి యేమని మీలో కొందరనుకొనవచ్చును. ప్రసక్తి కలదు. సోమశిల జలాశయము మన అనంతసాగరపు ముంగిటనే యున్నను, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో కాలువ పారని మెట్టపొలము లెన్నియో నేటికిని మబ్బు వంకనే చూచుచున్నవి. ఇద్దరు ముగ్గురు కొడుకులు గల రైతునకు ఉన్న రెండెకరములు అందరికిని చాలవు. చదువు ముగిసిన బాలుడు ఏ పనికి పోవలెనో నిర్ణయించువారు మీరు. దానికి వలయు సొమ్ము తెచ్చువారును మీరే. కావున ఈ విద్య యెట్టిదో, ఎట్లు నేర్వవలెనో, ఎక్కడ మోసము పొంచియుండునో మీకు తెలిసియుండుట మేలు. నేను కడ్డీ పట్టి పని చేసినవాడను గాను. పని చేయు శిష్యుల నడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్న దానిని మనవి చేయుచున్నాను.

లోహములను కలుపుట మనకు క్రొత్త గాదు. చిల్లిపడిన బిందెకు మాటు వేయుదురు. కంసాలి నగకు టంకము పెట్టును. ఈ రెంటియందును వస్తువు కరగదు. నడుమ నుంచిన వేరొక లోహము మాత్రమే కరగి దానిని పట్టుకొనును. కమ్మరి యట్లు గాక, రెండు ఇనుప ముక్కలను తెల్లగా కాచి సమ్మెటతో మోది ఒక్కటి చేయును. వెల్డింగు ఈ కమ్మరిపనికి తమ్ముడు. ఇందు రెండంచులును కరగి, ద్రవమై, ఒకదానితో నొకటి కలిసి, చల్లారి ఒక్క ముక్క యగును. వ్యాకరణమున రెండచ్చులు పోయి వాని స్థానమున ఒక్కటి వచ్చుటను ఏకాదేశ మందుము గదా, అట్టిది.

ఇనుము కరగుటకు సుమారు 1500 డిగ్రీల వేడి కావలెను. ఆ వేడిని విద్యుచ్ఛక్తి యిచ్చును. ఒక తీగను గొట్టమునకును, మరియొక తీగను వెల్డరు చేతనున్న కడ్డీకిని తగిలింతురు. కడ్డీ కొనను ఇనుమునకు తాకించి రవంత యెత్తినచో ఆ సందున మెరుపువంటి వెలుగు పుట్టును. దానికి ఆర్కు అని పేరు. కరగిన యినుమునకు గాలి తగులరాదు. తగిలినచో అతుకు పెళుసగును, బుడగలు పడును. అందులకై కడ్డీకి పైపూత యుండును. స్వీడను దేశస్థుడైన ఆస్కార్ కెల్‌బెర్గ్ 1904 ప్రాంతమున ఇట్టి పూత గల కడ్డీని కల్పించెను. పూత కాలి పొగయై గాలిని త్రోసివేయును. మిగిలినది చిట్టెమై అతుకుపై దుప్పటివలె కప్పుకొనును. చల్లారిన పిదప దానిని సుత్తితో రాల్చివేయుదురు.

ఇట్టి పని చేసి కిటికీలకును తలుపులకును చట్రము లతుకువాడు ప్రతి చిన్న పట్టణమునను కలడు. అతనికిని గొట్టముల వెల్డరునకును భేదమేమి? కిటికీ అతుకులో లోపమున్నను కిటికీ నిలుచును. గొట్టములో నట్లు గాదు. మన జిల్లాలోనే కృష్ణపట్నము చెంత నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. అందు ఒక్కొక్కటి 800 మెగావాట్ల యంత్రములు మూడున్నవి. ఆ జాతి బాయిలరులలో ఆవిరి యొత్తిడి, మనము పీల్చు గాలి యొత్తిడికి 218 రెట్లను మించియుండును. మోటారుకారు చక్రములోని గాలికి రెండు మూడు రెట్ల యొత్తిడియే యని తలచినచో, దీని యుగ్రత మీకు బోధపడును. అట్టి ఆవిరిని మోయు గొట్టముల అతుకులు వేలకొలది. వానిలో ఒక్కటి విడినను యంత్రము నిలిచిపోవును. దగ్గరనున్న మనుష్యుడు బ్రదుకడు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరము గ్రామమున గ్యాసు గొట్టము చిల్లిపడి, మంటలు చెలరేగి, ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అది వెల్డరు దోషమని నేననుట లేదు. గొట్టము చెడినచో ఊరి గతి యేమగునో తెలుపుటకే యుదాహరించితిని.

ఇక పనిలోని కష్టమును వినుడు. గొట్టము లోపలికి చేయి దూరదు. లోపలి యతుకును గూడ వెలుపలినుండియే వేయవలెను. రెండు గొట్టముల అంచులను ఏటవాలుగా చెక్కి, ఎదురెదురుగా నుంచి, నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడుతురు. ఆ సందును పూడ్చు మొదటి వరుసకు రూటు, అనగా వేరు, అని పేరు. వేడి తక్కువైనచో లోపలి అంచు కరగక బీట మిగులును. ఎక్కువైనచో లోహము లోపలికి జారి గడ్డలు కట్టును. లోపల సన్నని గట్టు ఒకే తీరున చుట్టు తిరిగి రావలెను. శ్రేష్ఠమైన పనులలో ఈ వేరు వరుసను కడ్డీతో గాక టిగ్ అను పద్ధతితో వేయుదురు. అందు కుడిచేత టంగ్‌స్టన్ సూది గల టార్చియు, ఎడమచేత సన్నని తీగయు పట్టుదురు. ఆర్గాన్ వాయువు కరగిన లోహమునకు కాపు గాయును. టంగ్‌స్టన్ 3400 డిగ్రీల వరకును కరగదు కావున సూది నిలుచును.

మరియు గొట్టము గుండ్రనిది. ఒక్క అతుకులోనే వెల్డరు అడుగున తలక్రిందుగా, ప్రక్కన నిలువుగా, పైన చదునుగా పని చేయవలెను. కరగిన యినుము నీటివలె క్రిందికి జారజూచును. దానిని చేతి నేర్పుతో నిలుపవలెను. పరీక్షలో ఈ స్థితులకు అంకెలు గలవు. గొట్టమును పరుండబెట్టి త్రిప్పుచు అతుకుట 1జి. నిలువుగా నుంచినది 2జి. పరుండబెట్టి త్రిప్పక అతుకుట 5జి. నలుబదియైదు డిగ్రీల వాలున బిగించి కదలింపక అతుకుట 6జి. ఈ కడపటి పరీక్షలో నెగ్గినవాడు తక్కిన స్థితులన్నిటికిని సామాన్యముగా యోగ్యుడని లెక్క. మీ పిల్లలు 'సిక్సుజి' అని పలుకునది దీనినే.

అతుకును కంటితో చూచి మెచ్చుకొనుట చాలదు. దానిని పట్టీలుగా కోసి వంచి బీటలు తెగునేమో చూతురు. లేదా ఎక్స్‌రే వంటి కిరణములతో లోపలి చిత్రము తీయుదురు. కొన్ని దోషములు వెంటనే కనబడవు. 7018 అను కడ్డీ నెరిగిన వెల్డరు దానిని పొయ్యిలో నెండబెట్టక వాడడు. ఏలయన చెమ్మ పట్టిన పూతనుండి ఉదజని వాయువు ఇనుములో చేరి, ఒకటి రెండు దినముల తరువాత గూడ బీటలు పుట్టించును. పని ముగిసిన తరువాత తెలియు తప్పు గనుకనే, ఎవరును చూడనప్పుడును నియమము తప్పనివాడే ఈ పనికి తగినవాడు.

ఇక నేర్చుకొను మార్గము. ప్రభుత్వ నియమముల ప్రకారము ఐ.టి.ఐ.లో వెల్డరు శిక్షణ ఒక సంవత్సరము. ఎనిమిదవ తరగతి నెగ్గినవారు చేరవచ్చును. గొట్టముల వెల్డింగునకు ప్రత్యేక శిక్షణయు అట్టిదే కలదు. అయినను బాలుని పదవతరగతి నెగ్గనిచ్చియే పంపుడని నా ప్రార్థన. కారణము ముందు చెప్పెదను. తరువాత 1961 నాటి చట్టము ననుసరించి పెద్ద కర్మాగారములలో అప్రెంటిసుగా చేరినచో భత్యమును లభించును, అనుభవమును కలుగును. తిరుచిరాపల్లిలో భెల్ సంస్థకు చెందిన వెల్డింగు పరిశోధనాలయము 1975లో నెలకొన్నది. అందును వెల్డర్లకు తరగతులు జరుపుదురు. ఈ మార్గములు తెరచియుండినవి మగపిల్లలకు మాత్రమే గాదు. చేయి నిలుకడ గల ఆడపిల్ల నేర్చుటకును అడ్డు లేదు.

ఐ.టి.ఐ. పత్రము రాగానే గొట్టముల వెల్డరు కాడు. మొదట సహాయకుడై అంచులు చెక్కుట, గొట్టములను వరుసలో నిలుపుట, చిట్టెము రాల్చుట నేర్వవలెను. గొట్టము సరిగా నిలుపనేరని వానికి సరియైన అతుకు పడదు. ఉదయగిరిలో కొయ్యచెంచాలు చెక్కు పనివారి చేయి ఎన్నేండ్లకు కుదురుకొన్నదో మీరెరుగుదురు, ఇదియు నట్టిదే. మరియు ఒక పరీక్ష జీవితాంతము చెల్లదు. పత్రమున ఏ పద్ధతి, ఏ లోహము, ఎంత మందము, ఏ స్థితి యని వ్రాయబడియుండును, అంతమట్టునకే యోగ్యత. అమెరికా నియమములను పాటించు పనులలో, ఆరు నెలలు ఆ పద్ధతిలో పని చేయనివాడు మరల పరీక్ష నీయవలెను. మన దేశపు బాయిలరు పనికి 1950 నాటి బాయిలరు నిబంధనల క్రింద వేరు పరీక్ష గలదు.

సంపాదన మాట దాచను. నేర్పరికి కూలి బాగుగనే వచ్చును. కాని ఇది ఒక్కచోట నిలుచు ఉద్యోగము గాదు. కర్మాగారము కట్టుట ముగిసినంతనే పని ముగియును. మరమ్మతుకై యంత్రములు నిలిపిన దినములలో రేయింబవళ్లు పని, తరువాత కొన్నాళ్లు ఖాళీ. విశాఖపట్నము, కాకినాడ, గుజరాతు, గల్ఫు దేశములు, పని యెక్కడనో పయనమక్కడకే. కాపురము దూరమగును. ఈ సంగతి తెలిసియే పంపవలెను, పెండ్లిచూపులలోను చెప్పవలెను.

గల్ఫు ప్రయాణమును గూర్చి మరింత జాగ్రత్త కావలెను. నాయొద్ద చదివిన యొక బాలుడు కిటికీల యతుకు మాత్రమే నేర్చి, ఒక దళారి మాట నమ్మి, తండ్రి పొలము తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్ము చెల్లించి, పైపు వెల్డరని చెప్పించుకొని విమాన మెక్కెను. అచ్చట మొదటి దినముననే పరీక్ష పెట్టిరి. వేరు వరుస పడలేదు. సహాయకునిగా సగము కూలికి రెండేండ్లు పని చేసి, ఆ యప్పునకు వడ్డీ మాత్రము కట్టి తిరిగివచ్చెను. దోషము బాలుని చేతిది గాదు. నేర్వకముందే పంపిన తొందరది.

చట్టము కొంత రక్షణ కల్పించినది. పదవతరగతి నెగ్గనివారు గల్ఫు మొదలగు దేశములకు పనికై పోవునపుడు 1983 నాటి వలసల చట్టము క్రింద ప్రభుత్వానుమతి పొందవలెను. నెగ్గినవారికి ఆ నిర్బంధము లేదు. నేను పదవతరగతిని నొక్కి చెప్పుటకు ఇదొక కారణము. దళారి ప్రభుత్వమున నమోదు పొందినవాడై యుండవలెను. ఇ-మైగ్రేట్ అను ప్రభుత్వ జాబితాలో వాని పేరు చూడవచ్చును. వాడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలును దానిపై పన్నును మాత్రమే. లక్షలడుగువాడు చట్టమును మీరుచున్నాడని తెలియుడు. చూచిపోవు వీసాపై పనికి పంపెదనన్నచో లేచి రండు. ప్రభుత్వానుమతితో పోవువారికి ప్రవాసి భారతీయ బీమా కలదు. ప్రమాదమున మరణించినచో 10 లక్షల రూపాయలు కుటుంబమునకు చెందును.

ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు. ఆర్కు వెలుగును నల్లద్దము లేక చూచినచో, అప్పుడేమియు తోచదు. రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లు మండును. నాటువైద్యమున కన్నులలో ఏదియు పోయక వైద్యునికి చూపవలెను. వెల్డింగు పొగ క్యాన్సరునకు హేతువని అంతర్జాతీయ పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించినది; స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో క్రోమియము విషముండును. కావున గాలి యాడుచోట, ముక్కునకు తగిన తొడుగుతో పని చేయవలెను. ఆర్గాన్ వాయువునకు వాసన లేదు, గాలికన్న బరువు; గోతిలోనో పెద్ద గొట్టములోనో నిండినచో మనుష్యుడు తెలియకయే ఊపిరాడక పడిపోవును. ఒంటరిగా అట్టిచోట దిగరాదు. పొగాకు మాని పని చేయువాని ఊపిరితిత్తులు మరికొంతకాలము నిలుచును.

కావున ఎవడైన శిక్షణాలయపు పేరు చెప్పి 'నెలదినములలో సిక్సుజి నేర్పెదము' అని మీ ముంగిటికి వచ్చినచో ఈ ప్రశ్నల నడుగుడు. బాలుడు దినమునకెన్ని గొట్టములను అతుకును? ఎన్ని కడ్డీలు కాల్చనిత్తురు? అతుకును వంచి గాని, కిరణములతో గాని పరీక్షింతురా? పత్రమున పద్ధతియు మందమును వ్రాయుదురా? నిరుడు నేర్చినవా డొకడు ఇప్పుడెక్కడ పని చేయుచున్నాడు, అతనితో మాటాడవచ్చునా? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము రానిచో పైకము మూటలోనే యుండనిండు. బాలుని గూడ ఒక్కటి యడుగుడు: ఎండలో, పొగలో, వంగి, పరుండి, ఒక్క సందును గంటసేపు తదేకదృష్టితో చూడగలడా యని. చూడగలనన్న వానికి ఈ విద్య అన్నము పెట్టును. లేదన్నవానిని బలవంతపెట్టకుడు.

చేతిపని తక్కువదనియు గుమాస్తాపని గొప్పదనియు మనలో నొక యపోహ కలదు. ఆవిరి మోయు గొట్టమున కనబడని సందును తప్పులేక పూడ్చినవాని పనివలన మన యిండ్లలో దీపము వెలుగుచున్నది. అట్టివానిని మన యూరినుండి పంపుట గౌరవమే. నేర్పించి పంపుట మన ధర్మము.

స్వస్తి.