ఏది ముందు, ఏది వెనుక?

"ఈ బొమ్మల పిచ్చి ఎందుకురా?" అని ఒకసారి మా అబ్బాయిని కసిరాను. తరువాత నెల రోజులు వాడు నా దగ్గర ఆ ఊసెత్తలేదు. ఆ మౌనం నన్ను బాధించింది.

మొన్న సెలవుల్లో, నర్సీపట్నంలో మా ఇంట్లో, నేనే వాడి పక్కన కూర్చుని 'కెప్టెన్ మార్వెల్' చూశాను. కథ 1995లో జరుగుతుంది. "అయితే ముందు చూడవలసింది ఇదే కదా?" అన్నాను. "కాదు నాన్నా, ఇది వచ్చింది 2019లో. 2008 నాటి 'ఐరన్ మ్యాన్'తో మొదలుపెట్టాలి" అన్నాడు.

వాడి మాట నిజమే. ఈ సినిమాలు ఒకే దారానికి గుచ్చిన పూసలు. ఏ సంగతి ఎప్పుడు విప్పాలో కథ చెప్పేవాడు చూసుకుంటాడు. మన 'బాహుబలి'నే తీసుకోండి. 2015లో కొడుకు కథతో మొదలైంది. తండ్రిని కట్టప్ప ఎందుకు చంపాడో 2017లో గాని తెలియలేదు. తండ్రి కథ ముందే చూస్తే ఆ ప్రశ్నే ఉండదు.

కామిక్ పుస్తకాల వరుస వేరు. స్పైడర్ మ్యాన్ కథలు 1962 నుండి వస్తున్నాయి. అన్నీ చదవనక్కరలేదు, ముగింపు ఉన్న ఒక కథను ఎన్నుకుంటే చాలు. సినిమాలో జరిగినదే పుస్తకంలోనూ జరగాలని లేదు.

తల్లిదండ్రులారా, వరుస తెలియకపోతే సిగ్గుపడకండి. మీ బిడ్డనే అడగండి. చెప్పడానికి వాడు ఎదురుచూస్తున్నాడు.