పెరటి గోరింట, వుజూ నీటి పుదీనా

పండుగనాటి మధ్యాహ్నం మా తమ్ముడి కూతురు చేతులు ఓణీలో దాచుకుని ఓ మూల కూర్చుంది. ఈదీ ఇద్దామని పిలిస్తే చెయ్యి చాపలేదు. "మంటగా ఉంది బడే అబ్బా" అన్నది. చూద్దుము కదా, చాంద్ రాత్ నాడు పెట్టించుకున్న పూలు, తీగలు ఎలా ఉన్నాయో అలాగే వాచిపోయి, వాటి వెంబడి నీటి పొక్కులు లేచి ఉన్నాయి. కోను వీధి చివర కొన్నారట. పది నిమిషాల్లో నల్లగా పండుతుందని చెప్పి అమ్మారట. మరునాడు చర్మవైద్యులకు చూపిస్తే, "ఇది గోరింటాకు చేసిన పని కాదు" అన్నారు.

ఆ మాట మాకు ములుకులా తగిలింది. ఎందుకంటే ఆ పిల్ల కూర్చున్న చోటనే ఒకప్పుడు మా దాదీమా నాటిన గోరింట పొద ఉండేది. వరండా పెంచి గచ్చు చేయించినప్పుడు దాన్ని మేమే నరికించాము. ఆకు రాలి వాకిలి పాడవుతోందని మా ఫిర్యాదు. మెహిందీ బజారులో దొరకదా ఏమిటి అనుకున్నాము. దొరికింది!

అసలైన గోరింటాకు ఎన్నడూ నల్లగా పండదు. ఆకులోని రంగు చర్మానికి పట్టిన మొదటి రోజు నారింజ వన్నెలో ఉంటుంది. గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఎర్రమట్టి రంగుకు, గోధుమ రంగుకు తిరుగుతుంది. ఘడియలో నలుపు వచ్చిందంటే అందులో ఇంకేదో కలిసినట్టే. తరచుగా కలిపేది పి.పి.డి. అనే రసాయనం, జుట్టుకు వేసే నల్లరంగులో ఉండేదే. ఆ రంగు పెట్టెల మీద, వాడే ముందు కొంచెం చర్మానికి రాసి 48 గంటలు చూడమని ముద్రించి ఉంటుంది. అలాంటి వస్తువును పిల్లల అరచేతుల నిండా పూస్తున్నాము. ఒకసారి శరీరానికి అది పడకపోతే ఆ పడకపోవడం జీవితాంతం ఉండిపోవచ్చునని, పెద్దయ్యాక తలకు రంగు వేసుకున్నా ముఖం వాచే ప్రమాదం ఉందని వైద్యులు చెప్పారు. మా పిల్లకు పన్నెండేళ్ళు.

అందుకే ఆ సంవత్సరం వానలు పడగానే మళ్ళీ నాటే పని పెట్టుకున్నాము. గచ్చు పగలగొట్టే ఓపిక లేదు. గోడ వారగా రెండు పెద్ద కుండీలు పెట్టాము. గోరింటను గింజతో మొలిపించవచ్చు గాని గింజ పైపొర గట్టిది. నీళ్ళు మారుస్తూ కొన్ని రోజులు నానబెట్టాలి. కొమ్మ నాటడమే సులువు. కలం మందం ఉన్న కొమ్మను జానెడు పొడవున, కణుపు కింద కోసి, దిగువ ఆకులు దూసి, మూడింట రెండు వంతులు మట్టిలో దిగేలా గుచ్చాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళు సరిపోతాయి. చిగురు వేసేదాకా నీడ కావాలి. తరువాత ఎంత ఎండ ఉంటే అంత మంచిది. పైకొనలు తుంచుతూ ఉంటే పొద గుబురవుతుంది. మొదటి ఏడాది ఆకు దూయకూడదు. ఈ నియమం పాటించడం ఇంట్లో ఆడపిల్లలున్నవారికి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

మొదటి విడత ఐదు కొమ్మలూ కుళ్ళిపోయాయి. తప్పు మాదే. వుజూ నీరు వృథా పోతోందని, కుళాయి కింద బకెట్టు పెట్టి ఆ నీరంతా గోరింటకే పోశాము. మా ఇంట్లో నమాజు చదివేవారు ఐదుగురు. అసర్ వేళకే బకెట్టు నిండేది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ముద్ అంటే నేటి కొలతలో ముప్పావు లీటరుకు అటూ ఇటూ. పిల్లలకు ఈ హదీసు ఏళ్ళ తరబడి బోధించాము. బకెట్టు పెట్టిన నాడు గాని మా ఇంటి లెక్క మాకు తెలియలేదు. ఇక గోరింట సంగతి. అది పొడి నేలల మొక్క, వేళ్ళ దగ్గర నీరు నిలిస్తే బతకదు. పైమట్టి ఎండిన తరువాతే నీరు పోయాలి.

వుజూ నీటిని మొక్కకు పోయడం అగౌరవం కాదా అని ఒక పెద్దావిడ మమ్మల్ని అడిగారు. ఆ నీరు శుద్ధమైనదే. దానితో మళ్ళీ వుజూ చేయరాదు, అంతే. మొక్కకు పోయడానికి అడ్డేమీ లేదు. కాలువలో పోనివ్వడం కంటే ఇదే నయం.

ఆ నీటికి తగిన మొక్క పుదీనా. దానికి తడి కావాలి, మధ్యాహ్నపు ఎండ పడదు. బజారు నుండి తెచ్చిన కట్టలోనే నాలుగు గట్టి కాడలు తీసి, ఆకులు వంటకు వాడుకుని, కాడలను గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. వారం పది రోజుల్లో తెల్లని వేళ్ళు వస్తాయి. వెడల్పాటి తొట్టిలో నాటితే తనంతట తానే అల్లుకుంటుంది. అయితే వేరే మొక్క ఉన్న తొట్టిలో పెట్టకండి, దాన్ని బతకనివ్వదు. మా ఇంట్లో ఇప్పుడు బగారా అన్నానికి, చట్నీకి పుదీనా కొనడం లేదు. కొత్తిమీర ఇంత ఉదారమైనది కాదు. ధనియాలను చెప్పుతో మెల్లగా నలిపి రెండు పప్పులు చేసి చల్లితే మొలుస్తుంది గాని, వేసవి ఎండకు ఆకు వేయక పూతకు వస్తుంది. చలికాలంలో వేసుకోవడమే మేలు. అంట్లు కడిగిన సబ్బు నీరు మాత్రం దేనికీ పోయకండి.

రెండవ విడత నాటిన కొమ్మల్లో రెండు బతికాయి. ఏడాది దాటాక లేత ఆకు కోశాము. రంగు లేత ఆకులోనే ఎక్కువ. నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టి, గలగలలాడుతుండగా మిక్సీలో వేసి, మల్లు గుడ్డలో రెండుసార్లు జల్లించాలి. ఎండలో వేస్తే ఆకు పచ్చదనం పోతుంది, పొడి పస కూడా పోతుంది. దాన్ని గాలి, వెలుతురు సోకని డబ్బాలో దాచాలి. నిమ్మరసంతో, చిటికెడు చక్కెరతో పెరుగులా కలిపి, మూతపెట్టి ఒక రాత్రి ఉంచాలి. వేసవిలో ఐదారు గంటలు చాలు. అరచేతిలో చుక్క పెట్టి ఐదు నిమిషాల తరువాత తుడిస్తే నారింజ మరక కనిపించాలి. అప్పుడది సిద్ధమైనట్టు. కడిగి ఆరబెట్టిన పాలకవరును చుట్టి కొన కత్తిరిస్తే కోను కూడా ఇంట్లోనే తయారు.

పెట్టాక ఐదారు గంటలు ఉంచి, ఎండిన ముద్దను గీకి తీసేయాలి. వెంటనే నీళ్ళు తగలనివ్వకుండా కొబ్బరినూనె రాసుకోవాలి. వుజూ ముందు ముద్దంతా తీసి ఉండాలి. మిగిలిన రంగు వుజూకు అడ్డు కాదు. ఇక్కడ మా ఇంటి ఆడవారికి మేము గట్టిగా చెప్పిన మాట ఒకటి ఉంది: చాంద్ రాత్ వరకు ఆగవద్దు. రంగు పూర్తిగా ముదరడానికి రెండు రోజులు పడుతుంది గనుక ఇరవై ఎనిమిదవ రోజా రాత్రే పెట్టుకోండి. నెలవంక కనిపించాక బజారుకు పరిగెత్తే ఆ తొందరే నల్ల కోనులను అమ్మిస్తోంది.

పసిపిల్లలకు మాత్రం ఇంటి గోరింట కూడా వద్దు. కొందరు పిల్లలు రక్తంలో జి6పిడి అనే ఎంజైము తక్కువగా పుడతారు. వారికి గోరింట తగిలితే ఎర్ర కణాలు పగిలి, కామెర్లు ముదురుతాయి. ఎవరికి ఆ లోపం ఉందో చూపుకు తెలియదు. అఖీఖా నాడు బిడ్డ పాదాలకు ముచ్చటగా పెట్టే అలవాటున్నవారు ఈ ఒక్కటీ మానుకోవాలి.

ఆషాఢం రాగానే పక్కింటి పెద్దమ్మ మా గోడ మీదుగా కుండీల వైపు చూశారు. దాదీమా కాలంలో ఆషాఢమంటే ఆ వీధి ఆడవాళ్ళంతా మా పెరటికే వచ్చేవారు. "రోట్లో రుబ్బుకోవడానికి గుప్పెడు ఆకు ఇవ్వు నాయనా" అన్నారు. మా తమ్ముడి కూతురు తానే కోసి ఇచ్చింది. రాత్రిపూట వీధి పిల్లలు గేటు సందులోంచి దూసుకుపోయేది వేరు. నాటిన చెట్టు నుండి దొంగిలించబడినది కూడా నాటినవానికి సదఖాయే అని ముస్లిం హదీసులో ఉంది గనుక వారినేమీ అనలేకపోతున్నాము. ఈ వానలకు ఇంకో ఆరు కొమ్మలు గుచ్చాము. అందులో రెండు పెద్దమ్మ గారి కోసం.