నడవడి యెట్లు వ్యాపించును?



నేను ముప్పదిరెండేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. నేను పనిచేసిన యొక పాఠశాల ముచ్చటతో నేటి ప్రసంగము నారంభించెదను. ఊరిపే రడుగకుడు.

అక్కడ మేము పదునొకండుగురము ఉపాధ్యాయులము. మొదటి గంట మ్రోగిన పిమ్మట వేపచెట్టు నీడను కొంతసేపు మాటలాడి, తరువాత తరగతులకు బోవుట యక్కడి వాడుక. అది యే పుస్తకమునను వ్రాయబడలేదు. నేను చేరిన క్రొత్తలో గంటకు ముందే తరగతిలో నుండెడివాడను. పెద్దలు నవ్విరి. మూడు నెలలు తిరుగకమునుపే నేనును చెట్టుక్రింద జేరితిని. ప్రధానోపాధ్యాయుడు ఉత్తరువు పంపెను. అందఱమును చేవ్రాలు చేసితిమి. చెట్టునీడ మాత్రము ఖాళీ కాలేదు. మమ్ము జూచి పిల్లలును ఆలసింప జొచ్చిరి. ఇది తలచికొన్న నిప్పటికిని నాకు సిగ్గగును.

ఇట్టి సంగతినే అమెరికాలో కొందఱు శ్రద్ధతో పరిశీలించిరి. షికాగో చెంత హాథార్న్ అను చోట టెలిఫోను సామగ్రి చేయు కర్మాగార ముండెను. 1931 నవంబరు మొదలు 1932 మే వఱకు అందు 14గురు పనివాండ్ర నొక గదిలో నుంచి, వారి నడవడి నొక పరిశీలకుడు వ్రాసికొనుచు వచ్చెను. పని యెక్కువైనకొలది జట్టున కంతకును కూలి హెచ్చునట్టి యేర్పాటు. అయినను వారు తమలో దామొక దినపుమేరను పెట్టుకొని దానిని దాటరైరి. దాటబోయినవానికి ఎగతాళి పేరు పెట్టుదురు. అప్పుడప్పుడు జబ్బమీద నొక గుద్దు. మఱీ తక్కువ చేసినవాడును, పై యధికారికి చాడీలు చెప్పినవాడును దూష్యులే. ఎక్కువ చేసినచో కూలిరేటు తగ్గింతురని వారి భయము. ఆ చిన్నగదిలోనే ముందువైపువా రొక జట్టు, వెనుకవైపువా రొక జట్టు. జట్టుజట్టునకు పద్ధతి వేఱు. కంపెనీవారి లెక్కకంటె ప్రక్కవాని చూపునకే వారు లోబడిరన్నమాట.

ఇది యంత్రశాలల గొడవ యందురేమో, సేద్యము మాట వినుడు. అయోవా రాష్ట్రమున సంకరజాతి మొక్కజొన్న విత్తనము వ్యాపించిన తీరును రయన్, గ్రాస్ అను నిరువురు పరిశోధించి 1943లో ప్రకటించిరి. 259మంది రైతుల నడిగిచూడగా, విత్తనపు వార్తను మొదట జెప్పినవారిలో అమ్మకగాండ్రే యెక్కువ. విత్తుటకు నమ్మకము కలిగించినవారిలో ఇరుగుపొరుగువారే యెక్కువ.

వార్తకు ఒక నోరు చాలును. పైరు మార్చుట, అలవాటు మార్చుట యట్టిది కాదు. అందు నష్టభయ మున్నది, నవ్వుబా టున్నది. ఒక్కడు చేసినచో వింత యందుము. తనవారిలో నిద్దఱు ముగ్గురు చేయుట కంటబడినచో, మనమును జేయవచ్చునని తోచును. కావున సహకార సంఘమునకో పంచాయతీకో క్రొత్తపద్ధతి తేదలచువారు, వీధి కొకని చొప్పున చెదరగొట్టుటకంటె, ఒకే వీధిలో కలసిమెలసి యుండు ఇద్దఱు ముగ్గురిని ముందు గూర్చికొనుట మేలని నా తలంపు.

మా బడిలో జరిగినదియు నిదియే. లెక్కల పంతులుగారును, హిందీ పంతులుగారును, నేనును ఒకే వీధిలో కాపురముండెడివారము. ఒక సాయంకాలము, మఱునాటినుండి గంటకు ముందే పోవుదమని మాటాడికొంటిమి. మొదటి వారము నవ్విరి. తరువాత డ్రాయింగు మాస్టరు వచ్చెను. ఆయన లెక్కల పంతులుగారికి మేనబావ. ఆయన వెంట మఱి యిద్దఱు. దసరా సెలవులకు ముందే చెట్టుక్రింద నొక్క పెద్దాయన మిగిలెను. ఆయన ఉద్యోగము ముగియువఱకును అక్కడనే నిలిచెడివారు. మేమును ఆయన నేమియు ననలేదు.