వాల్వు మైక్రోఫోనులోని రొద

శబ్దగ్రహణశాలలలో గాయకుని నోటియెదుట నిలుపు మైక్రోఫోనులలో వాల్వు మైక్రోఫోనని యొక జాతి కలదు. ఇండ్లలోని రేడియోపెట్టెలనుండి వాల్వులు మాయమై యనేక సంవత్సరములైనను, ఈ మైక్రోఫోనులలో మాత్రము అవి నేటికిని వెలుగుచునే యున్నవి. మన పాఠశాలలో గాయకబృందపు పాటలను రికార్డు చేయు గదియందును అట్టిది యొకటి యున్నది. అది చక్కగా పలికినంత కాలము దానిని గూర్చి యెవరును తలంపరు. దానిలో రొద పుట్టిన దినమున మాత్రము అందఱును వైద్యులే యగుదురు. అందఱి మందును ఒక్కటియే: వాల్వు మార్చుట. ఈ మందు కొన్ని వేళల సరియైనదే. పెక్కువేళల రోగము వేఱొకచోట నుండును. కావున రొద యెచ్చటినుండి వచ్చుచున్నదో వెదకు విధమును, నిజముగా వాల్వే దోషియైనచో దానిని మార్చు విధమును ఇచ్చట వివరింపఁదలంచితిమి.

ఇది చిన్న సంగతి యని చదువరులు తలంపఁగూడదు. మన సంఘములోని వృద్ధురాండ్రు కొందఱు పాడు కీర్తనల వరుసలు కొన్ని యే పుస్తకమునందును స్వరముతో వ్రాయఁబడి యుండలేదు. వారి కంఠములతోనే యవి నిలిచియున్నవి. ఆ పాటతో పాటు రొదయు రికార్డయినచో, తరువాత కంప్యూటరుచేత దానిని తీయఁబోవునపుడు కంఠములోని సన్నని జీరయుఁ గొంత దానితోఁ బోవును. మరల పాడుమని యడుగుటకు వారు మఱుసటి యేఁడు మనమధ్య నుండకపోవచ్చును.

మైక్రోఫోనులో వాల్వు ఏల? కండెన్సరు మైక్రోఫోనులో బంగారుపూత గల మిక్కిలి పలుచని పొర యొకటి లోహపు పలకకెదురుగా బిగింపఁబడి యుండును. శబ్దము తగిలినపుడు పొర కదలి, ఆ రెంటిమధ్య విద్యుత్తు హెచ్చుతగ్గులగును. అయితే ఈ శక్తి యెంతయో స్వల్పము. సన్నని యూట నీటిని పొడవైన కాలువలో విడిచినచో చేరవలసిన మడికి చేరకముందే నేలలో నింకిపోవును గదా. అట్లే ఈ సంకేతమును తిన్నగా పొడవైన తీఁగెలోనికి పంపినచో అది దారిలోనే నశించును. కావున పొరకు ప్రక్కనే వాల్వును నిలిపిరి. వాల్వులో వేఁడెక్కిన కేథోడునుండి ఎలక్ట్రానులు ప్లేటువైపు ప్రవహించును. నడుమనున్న గ్రిడ్డు చెఱువు తూమునకు తలుపువంటిది. తలుపును కొంచెము కదల్చినను నీరు విస్తారముగా హెచ్చి తగ్గునట్లు, గ్రిడ్డుపైఁ బడిన అల్పసంకేతము ప్లేటు ప్రవాహమును శాసించును. లీ డిఫారెస్టు 1906వ సంవత్సరమున గ్రిడ్డు గల వాల్వును కనిపెట్టెను. అమెరికాలో వెంటె యను శాస్త్రజ్ఞుఁడు 1916లో కండెన్సరు మైక్రోఫోనును రూపొందించెను. బెర్లిను నగరమున జార్జి నాయ్‌మన్ 1928లో ఈ రెంటిని ఒకే గొట్టమున నమర్చి మైక్రోఫోనులను అమ్మకమునకు తెచ్చెను.

ఇంత సున్నితమైన తావున రొద కొంచెమైనను లేకుండుట యసాధ్యము. వాల్వులో ప్రవాహము నీటిధారవలె నేకముగా నుండదు. ఎలక్ట్రానులు ఒక్కొక్కటిగా వచ్చి ప్లేటునకు తగులును. రేకుపైఁ జల్లిన తుపాకి రవ్వల చప్పుడువంటి ఈ రొదను జర్మనీలో వాల్టరు షాట్కీ 1918లో వివరించెను. సన్నగా, ఎడతెగక, వాన దూరమునఁ గురియుచున్నట్లు వినఁబడు ఈ బుస కొంతవఱకు సహజము. దానికై మైక్రోఫోనును విప్పఁబనిలేదు. అది దినదినమునకు హెచ్చినపుడు, లేక గాయకుని మెల్లని స్వరమును కప్పివేయునపుడు మాత్రమే చికిత్స కావలెను.

తక్కిన రొదలు వేఱు. వానిని చెవితో వేఱుపఱచుటయే సగము పని. మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులది. ఆ 50 ఆవృత్తుల ఝుంకారము విన్నచో తీఁగెల తొడుగు తెగుటనో, భూసంధానపు లోపమునో, వాల్వు హీటరునో అనుమానింపవలెను. అదియే 100 ఆవృత్తులదైనచో పవరు సప్లయి పెట్టెలో విద్యుత్తును వడగట్టు కెపాసిటర్లు ముదిసినవని తలంపవచ్చును. ఈ రెంటికిని సరిగా ఒక స్థాయి భేదము. హార్మోనియము వాయించు పిల్లలకు దానిని గుర్తించుట కష్టము కాదు. కఱకుగా గిఱగిఱలాడు రొదకు తఱచుగా గదిలోని ఫ్యాను రెగ్యులేటరో, చౌకరకపు ఎల్.ఇ.డి. దీపమో కారణమగును. వానిని ఆర్పి చూచినఁ జాలును. ఇఁక చిటపటలు, ఆకులు నలిగినట్టి చప్పుళ్లు తేమవలనను, ధూళివలనను, త్రుప్పుపట్టిన పిన్నులవలనను, ఒక్కొక్కప్పుడు వాల్వువలనను గలుగును. మైక్రోఫోను నిలువుకంబమును వ్రేలితో మెల్లగా తట్టినపుడు గంటవలె ఖంగున మ్రోగి కొంతసేపు నిలిచినయెడల వాల్వు లోపలి యంగములు సడలినవని గుర్తు. ఈ యొక్క లక్షణము మాత్రము వాల్వువైపే గట్టిగా వ్రేలు చూపును.

వెదకుట బయటనుండి లోపలికి సాగవలెను. ప్రథమమున మైక్రోఫోనును అరగంటసేపు వేఁడెక్కనిచ్చి పిమ్మట వినవలెను. చల్లని వాల్వుమీఁద తీర్పు చెప్పరాదు. తరువాత ప్రీయాంప్లిఫయరుయొక్క అదే ద్వారమునకు అదే కేబులుతో సామాన్యమైన డైనమిక్ మైక్రోఫోను నొకదానిని తగిలించి చూడవలెను. రొద నిలిచియే యున్నచో వాల్వు మైక్రోఫోను నిర్దోషి. రొద పోయినచో పవరు సప్లయి పెట్టెను, దానినుండి మైక్రోఫోనునకు పోవు ఏడు పిన్నుల కేబులును శోధింపవలెను. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. రెండు మార్చి రొద పోయినచో ఏది దోషియో తెలియక, మఱుసటి నెల మొదటికి వత్తుము. కేబులును ఊడఁదీయుటకును తగిలించుటకును ముందు పెట్టెను తప్పక ఆర్పవలెను. మైక్రోఫోను తగిలింపకుండ పెట్టెను వెలిగించియుంచుటయు మంచిది కాదు. భారము లేనందున కొన్ని పెట్టెలలో వోల్టులు పైకెగయును.

ఒకసారి వానకాలమున మన గదిలోని మైక్రోఫోను పాట నడుమ నడుమ చిటపటలాడసాగెను. క్రొత్త వాల్వునకై పట్టణమునకు వ్రాయుదమని కొందఱు తొందరపడిరి. వరుసగా శోధింపఁగా ఏడు పిన్నుల కనెక్టరులోని రెండు పిన్నులు నల్లఁబడి యుండెను. వానిని శుభ్రము చేయఁగా చిటపటలు చాల తగ్గెను గాని పూర్తిగా పోలేదు. మైక్రోఫోనును సిలికా జెల్ సంచులతో మూఁతగల డబ్బాలో రెండు దినములుంచిన పిమ్మట మిగిలినదియుఁ బోయెను. వాల్వు నేటికిని అదియే. దీనికిఁ గారణము గూఢమైనది కాదు. గ్రిడ్డువద్దనున్న రెసిస్టరులు కోట్లకొలది ఓములవి. అట్టితావున తడిగాలి గాని, వ్రేలిముద్రలోని చెమట గాని విద్యుత్తునకు దొంగదారి తెఱచును. మన కోస్తాజిల్లాలలో వానకాలపు గాలి యెట్టిదో చెప్పఁబనిలేదు. దానికితోడు సభలలో ప్రతివాఁడును మైకులోనికి ఉఫ్ఫని ఊది పరీక్షించుట మనవారికి అలవాటు. ఆ తడియూపిరి తిన్నగా పొరమీఁదికే పోవును. ఈ మైక్రోఫోను నెదుట ఎవరును ఊదఁగూడదు.

శబ్దమును గ్రహించు దిక్కును మార్చు మీట గల మైక్రోఫోనులలో నింకొక పరీక్ష కలదు. ముందువైపు మాత్రమే విను స్థితిలో నెమ్మదిగానుండి, రెండువైపుల విను స్థితిలో చిటపటలాడినచో వెనుకటి పొరనో, దానికి విద్యుత్తునిచ్చు మార్గమునో అనుమానింపవలెను. ఆ దోషము వాల్వును మార్చుటచేఁ దీరదు.

ఇన్నిటిని దాఁటి వచ్చిన పిమ్మట వాల్వే దోషియని తోఁచినచో మార్పవచ్చును. విద్యార్థులు దీనిని తామై చేయరాదని గట్టిగా చెప్పుచున్నాము. ఈ పెట్టెలలో నూఱు వోల్టులకు పైఁబడిన విద్యుత్తుండును. ఆర్పిన తరువాతను కెపాసిటర్లు దానిని కొంతసేపు దాఁచియుంచును. గోడనుండి ప్లగ్గును తీసి, కొన్ని నిమిషములు తాళి, మీటరు ఎఱిఁగిన పెద్దవారు కొలిచి చూచిన పిమ్మటనే గొట్టమును విప్పవలెను. పొరను ఏ కారణముచేతను ముట్టరాదు, తుడువరాదు. వాల్వును శుభ్రమైన గుడ్డతోఁ బట్టి, తిన్నగా మెల్లమెల్లగా పైకి తీయవలెను. మెలిపెట్టినచో పిన్నులు వంగును. క్రొత్తదానిని పెట్టుటకుముందు పాతదానినే రెండుమూఁడు పర్యాయములు తీసి పెట్టి చూచుట మంచిది. సాకెట్టులోని మురికి ఆ రాపిడిచేతనే వదలి రొద మానుటయుఁ గలదు.

ఏ వాల్వు పెట్టవలెను? సాకెట్టులో పట్టినంత మాత్రమున సరిపడునని యెంచరాదు. ఇ.సి.సి. 83 అనునదియు 12 ఏ.ఎక్స్. 7 అనునదియు ఒకదానికే ఐరోపా, అమెరికా పేర్లు. 12 ఏ.టి. 7, 12 ఏ.వై. 7 అనునవియు అవే తొమ్మిది పిన్నుల వరుస గలవి. ఇ.ఎఫ్. 86కును తొమ్మిది పిన్నులే గాని వాని లోపలి కూర్పు పూర్తిగా వేఱు. కావున సాకెట్టును గాక, తయారుచేసినవారి పత్రమునే నమ్మవలెను. 12 ఏ.ఎక్స్. 7యొక్క వర్ధనశక్తి 100; 12 ఏ.టి. 7ది 60, 12 ఏ.వై. 7ది సుమారు 44. తక్కువదానిని పెట్టఁగనే రొద తగ్గినదని సంతోషింతురు. పాటయు తగ్గినదని గమనింపరు. ప్రీయాంప్లిఫయరును హెచ్చించి, కంఠము మునుపటి మట్టమునకు వచ్చిన తరువాతనే రెండు రొదలను పోల్చవలెను. ఇట్లు పోల్చక వ్రాసిన పొగడ్తలు అంగళ్ల ప్రకటనలలో విస్తారముగానున్నవి. వానికి మేము విలువ నీయము.

ఒకే పేరు గల రెండు వాల్వులకును రొదలో భేదముండును. 1949లో వెలువడిన నాయ్‌మన్ యు 47 మైక్రోఫోనులో టెలిఫుంకెనువారి వి.ఎఫ్. 14 వాల్వుండెను. నాయ్‌మన్‌వారు వచ్చినవానినెల్ల వాడక, రొద తక్కువైనవానిని ఏఱి ఎమ్ అను గుర్తు వేసిరి. అంతేకాదు, 55 వోల్టులకై చేయఁబడిన దాని హీటరును సుమారు 36 వోల్టులతోనే నడపిరి. అందుచే రొద తగ్గి ఆయుష్షు పెరిగెను. ఆ వాల్వుల తయారీ నిలిచిపోయిన తరువాత 1965 ప్రాంతమున ఆ మైక్రోఫోనును ముగింపవలసివచ్చెను. దానికి మిగిలిన వాల్వులు నేఁడు మిక్కిలి ప్రియము. ఇ.ఎఫ్. 86తో 1960లో వచ్చిన యు 67ను మాత్రము ఆ సంస్థవారే 2018లో మరల తయారుచేసిరి.

మనకు వాల్వులను ఏఱు యంత్రము లేదు గనుక రెండుమూఁడు తెప్పించి, ఒక్కొక్కదానిని రాత్రి యంతయు వెలిగించియుంచి మఱునాఁడు వినుటయే మార్గము. క్రొత్త వాల్వు మొదటి గంటలలో చిటపటలాడి తరువాత శాంతించుట సామాన్యము. తీసివేసిన వాల్వును పాఱవేయక, తీసిన తేదిని, విన్న రొదను చీటిపై వ్రాసి దానికి కట్టి పెట్టెలో నుంచవలెను. మఱియొకసారి రొద పుట్టినపుడు పోల్చిచూచుటకు అది పనికివచ్చును.