ఒక్క ఓటే కదా అని వదిలేస్తే...

"పని మానుకుని, కూలి పోగొట్టుకుని, ఎండలో వరుసలో నిలబడితే మాకొచ్చేదేమిటి? లక్షల ఓట్లలో మాదొక లెక్కా?" ఎన్నికలు వచ్చినప్పుడల్లా రచ్చబండ దగ్గర వినిపించే మాటే ఇది. కొట్టిపారేయవలసిన మాట కాదు. సన్నకారు రైతుకు ఒక పూట పోవడమంటే నష్టమే మరి.

ఒక్క ఓటుతో ఫలితం మారడం అరుదు. అరుదే గానీ జరిగింది. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్లి శాసనసభ స్థానంలో ధ్రువనారాయణకు 40,752 ఓట్లు, ప్రత్యర్థి కృష్ణమూర్తికి 40,751 ఓట్లు వచ్చాయి. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి.జోషి ఓడిపోయిందీ ఒక్క ఓటుతోనే. మన దగ్గర, బెల్లం మార్కెట్‌కు పేరుపడ్డ అనకాపల్లిలో 1989 లోక్‌సభ ఎన్నికల్లో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. గెలిచిన వారికి వేసిన అయిదుగురు రెండో వైపు వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది. 2019లో విజయవాడ సెంట్రల్‌లో తేడా 25 ఓట్లు.

మరి వేలల్లో మెజారిటీ వచ్చే చోట? అక్కడా ఓటు గాలికి పోదు. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20లో విడివిడిగా రాస్తారు. ఎవరు ఎవరికి వేశారో తెలియదు గానీ, ఏ ఊరు కదిలి వచ్చిందో, ఏ ఊరు ఇంట్లో కూర్చుందో నాయకులు ఇట్టే చూసుకోవచ్చు. కాలువలో పూడిక తీయించమని అడగబోతే ఆ లెక్క వారికి గుర్తుకు రాదంటారా?

పంచాయతీ ఎన్నికల్లోనైతే వార్డుకు కొన్ని వందల ఓట్లే. నాలుగు ఇళ్లు ఎటు మొగ్గితే అటే. సమానంగా వస్తే లాటరీ తీయవలసిందే. యాభై ఎకరాల ఆసామికీ ఒకటే ఓటు, అరెకరం కౌలు రైతుకూ ఒకటే. తూకంలో తేడా లేని చోటు పల్లెలో ఇంకొకటి చూపించండి!

అసలు చిక్కు జాబితా దగ్గర వస్తుంది. కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. పంచాయతీ జాబితా కూడా శాసనసభ జాబితా నుంచే తయారవుతుంది. కాబట్టి అక్కడ పేరు పోతే ఇక్కడా పోయినట్లే. వలస వెళ్లే కుటుంబాలు మరీ జాగ్రత్తగా ఉండాలి. పని కోసం కొన్నాళ్లు ఊరు విడిచినంత మాత్రాన ఆ ఊరి నివాసి కాకుండా పోరని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. "ఊళ్లో లేరు" అని పేరు తీసేయబోతే ఈ సంగతి బి.ఎల్.ఓ.కు చెప్పాలి. కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6, తప్పులు దిద్దడానికి, చిరునామా మార్చడానికి ఫారం 8 ఇవ్వాలి. నామినేషన్ల గడువు దాటాక చేర్చరు. అందుచేత పంట చేతికొచ్చి కాస్త తీరిక దొరికినప్పుడే చూసుకోవడం మేలు. సందేహాలుంటే 1950కి ఫోన్ చేయవచ్చు.

ఇంకొక మాట. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో మీరు వెళ్లేసరికి మీ పేరున ఎవరో వేసేసి ఉంటే ఉసూరుమంటూ తిరిగి రాకండి. ప్రిసైడింగ్ అధికారికి గుర్తింపు కార్డు చూపి 'టెండర్ ఓటు' అడగండి. దీన్ని బ్యాలెట్ కాగితం మీద వేయించి, విడిగా కవరులో దాస్తారు. మామూలు లెక్కింపులో కలపరు. తేడా ఒకటి రెండు ఓట్లయి వ్యవహారం హైకోర్టుకు వెళితే ఆ కవరు విప్పే అవకాశం ఉంటుంది.