చిన్న ఓడ.. పెద్ద ఫైలు

దుబాయ్ హోటల్ నుంచి సీషెల్స్ ఓడ దాకా ఒక వెయిటర్ ప్రయాణం

"రిటర్న్ టికెట్ చూపించండి సార్!"

శంషాబాద్ విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర అమ్మాయి అడిగిన మొదటి మాట ఇది. 2022 అక్టోబరు. రాత్రి 1 గంట దాటింది. వెనక పెద్ద క్యూ. నా దగ్గర రిటర్న్ టికెట్ లేదు. ఓడ ఎక్కబోయేవాడికి ఎక్కడుంటుంది? ఎప్పుడు దిగుతానో, ఏ దేశంలో దిగుతానో నాకే తెలీదు. చంకలో ఉన్న నీలం ఫైలు తీసి అందులోంచి ఒక కాగితం ఆమె ముందు పెట్టా. దాని పేరు లెటర్ ఆఫ్ గ్యారంటీ. "ఇతను ఫలానా ఓడలో పనికి వెళ్తున్నాడు, తిరిగి పంపే బాధ్యత మాది" అని ఓడ యజమాని రాసిచ్చే హామీ. ఆమె చదివింది, పై అధికారిని పిలిచింది, ఆయనా చదివాడు. పది నిమిషాలకు బోర్డింగ్ పాస్ చేతికొచ్చింది.

ఆ ఫైలు గనక పెద్ద సూట్‌కేసులో పెట్టి ఉంటే? ఆ పెట్టెను అప్పటికే బెల్టు మీదికి ఎక్కించేశారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే!

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇంటి వెనక కొబ్బరి తోట, అది దాటితే సముద్రం. అయినా నాకు ఈత రాదు. ఇంటర్ అయ్యాక దుబాయ్‌లో ఒక హోటల్‌లో వెయిటర్‌గా చేరి ఏడేళ్లు చేశా. మీలో చాలామంది హోటళ్లలో, క్యాటరింగ్‌లో, హౌస్ కీపింగ్‌లో ఉన్నవాళ్లే. ఓడ ఉద్యోగం మాట ఏదో ఒక రోజు మీ గదిలోనూ వచ్చే ఉంటుంది. మా గదిలో ఒక గోవా కుర్రాడి వల్ల వచ్చింది. వాళ్లన్నయ్య చిన్న క్రూయిజ్ ఓడలో చేసేవాడు. వేల మంది ఎక్కే పెద్ద ఓడ కాదు, అతిథులు నూట ఎనభై మంది, సిబ్బంది నూట ఇరవై మంది. పెద్ద ఓడలు వెళ్లలేని చిన్న దీవులకు వెళ్తుంది. జీతం దుబాయ్ కంటే కొంచెం ఎక్కువ, తిండీ పడకా ఓడవాళ్లవే.

నాన్నకు చెబితే ఫోన్లోనే గయ్యిమన్నాడు. "ఉన్న ఉద్యోగం ఒదులుకొని నీళ్ల మీదికి పోతావేంట్రా? మీ బావ సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. మా బావ అంతకు రెండేళ్ల ముందు ఓడ ఉద్యోగమని ఒక ఏజెంటుకు రెండున్నర లక్షలు కట్టాడు. అక్క నగలు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు. రంగురంగుల ఆఫర్ లెటర్ ఇచ్చారు. ఓడ పేరుంది, జీతం ఉంది, కింద గుండ్రటి ముద్ర కూడా ఉంది. లేనిదల్లా ఒక్కటే, లైసెన్సు నంబరు. మూడు నెలలు తిప్పించుకుని ఆఫీసు ఎత్తేశారు. ఆ నగలు ఇంకా విడిపించలేదు.

ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు

అందుకే నేను ముందు ఏజెంటు దగ్గరికి పోలేదు, రూల్సు దగ్గరికి పోయాను. గల్ఫ్ పనికి పంపే ఏజెంటు లైసెన్సు వేరు, ఓడ పనికి పంపే ఏజెంటు లైసెన్సు వేరు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గల్ఫ్ ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఇస్తుంది. ఓడకు మనుషుల్ని పెట్టే కంపెనీకి డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్పీఎస్ఎల్ నంబరు ఉండాలి. ఆ కంపెనీల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. నంబరు చెప్పమంటే "అవన్నీ తర్వాత చూద్దాం బాబూ" అన్నాడంటే ఇంక అక్కణ్నుంచి లేచి వచ్చేయడమే.

రెండోది డబ్బు. ఓడ కార్మికుల కోసం ఎంఎల్‌సీ అనే అంతర్జాతీయ ఒప్పందం 2006లో తయారై 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. మన దేశం 2015లో ఒప్పుకుంది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు ఓడ కార్మికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్టు, మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ పుస్తకం.. ఈ మూడింటి ఖర్చు మనం పెట్టుకోవచ్చు. వీసా ఖర్చు మాత్రం ఓడ యజమానిదే. ఎంబసీ ఫీజు అని యాభై వేలు అడిగాడంటే అబద్ధమాడుతున్నాడన్నమాట. కోర్సుల ఫీజు శిక్షణ సంస్థకు మనమే కట్టుకోవాలి, అది వేరే లెక్క.

దుబాయ్‌లో రాజీనామా ఇచ్చి, వీసా క్యాన్సిల్ చేయించుకుని, గ్రాట్యుటీ తీసుకుని వచ్చేశా. దుబాయ్ వీసా అలాగే ఉంచుకుని ఓడకు వెళ్దామని మా గదిలో ఒకాయన సలహా ఇచ్చాడు. అది కుదరదు. మామూలు ఉద్యోగ వీసా ఉన్నవాళ్లు ఆరు నెలలు దాటి బయట ఉంటే ఆ వీసా చెల్లదు. ఓడ కాంట్రాక్టే ఆరేడు నెలలు ఉంటుంది. పైగా క్యాన్సిల్ చేయించుకోకుండా వచ్చేస్తే గ్రాట్యుటీ దగ్గర గొడవ.

ఇంటిపేరు తెచ్చిన తంటా

ఓడ ఎక్కాలంటే ముందు ఎస్టీసీడబ్ల్యూ కోర్సులు అయిదు చేయాలి. నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స, ఓడలో మెలగాల్సిన తీరు, భద్రత. విశాఖలో చేశా. దాదాపు రెండు వారాలు పట్టింది. మొదటి దాన్లో లైఫ్ జాకెట్ తొడిగి ఎత్తు మీంచి కొలనులోకి దూకమంటారు. ఈత రాని నేను, ముక్కు మూసుకుని, జాకెట్‌ను గట్టిగా పట్టుకుని, కులదేవతను తలుచుకుని దూకేశా. తేలాను. మా ఇన్‌స్ట్రక్టరు నవ్వుతూ "నీళ్లంటే భయమున్నవాడే జాకెట్ సరిగ్గా కట్టుకుంటాడు" అన్నాడు.

అసలు తలనొప్పి నీళ్లతో కాదు, పేరుతో వచ్చింది. మన తెలుగువాళ్ల పేర్ల సంగతి తెలిసిందే కదా. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరమే, చుక్క పెట్టి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, సర్‌నేమ్ గడిలో. ఇండోస్ నంబరుకు దరఖాస్తు పెట్టేటప్పుడు నెట్ సెంటర్ కుర్రాడు పదో తరగతి కాగితం చూసి కొట్టేశాడు. నేనూ చూసుకోలేదు. ఇండోస్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు. సీడీసీ దగ్గర ఆగిపోయింది. అఫిడవిట్లు, ఉత్తరాలు, మళ్లీ దరఖాస్తు.. అయిదు వారాలు పోయాయి. అప్పటికే ఖాయమైన నా మొదటి ఓడ వేరేవాడికి వెళ్లిపోయింది.

ఆ అయిదు వారాలూ ఇంట్లో ఎలా గడిచిందో చెప్పలేను. దుబాయ్ ఉద్యోగం పోయింది, ఓడ పోయింది. నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. నా భార్య మాత్రం "డబ్బయితే పోలేదు కదండీ" అంది. నిజమే, బావలాగ ఎవరికీ కట్టలేదు. నెల తర్వాత అదే కంపెనీ ఇంకో ఓడలో ఖాళీ ఉందని ఫోన్ చేసింది. కాబట్టి మొట్టమొదట పాస్‌పోర్టు ముందు పెట్టుకోండి. అందులో పేరు ఏ అక్షరాలతో, ఏ వరసలో ఉందో ప్రతి కాగితంలోనూ, విమాన టికెట్‌తో సహా, అలాగే ఉండాలి.

సీడీసీ చేతికొస్తే ఇంకో లాభం ఉంది. ఈసీఆర్ ముద్ర బెడద ఉన్నవాళ్లకు సీడీసీ మినహాయింపు ఇస్తుంది. పదో తరగతి పాసైనవాళ్లకు ఎలాగూ ఆ బెడద లేదు.

తర్వాత పసుపు జ్వరం టీకా. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎంలో, మా వైపు అయితే విశాఖ పోర్టు ఆరోగ్య కేంద్రంలో వేస్తారు. ముందు రోజు వేయించుకుంటే పనికిరాదు. పది రోజుల తర్వాతే పసుపు కార్డు చెల్లుతుంది. మా ఓడ సీషెల్స్ నుంచి జాంజిబార్, మొంబాసా వెళ్తుంది. కెన్యా నుంచి కార్డు లేకుండా మన దేశం వస్తే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. నాతో రావాల్సిన గోవా కుర్రాడు ప్రయాణానికి ఆరు రోజుల ముందు టీకా వేయించుకున్నాడు. కంపెనీ వాణ్ని ఆపేసి వారం తర్వాత పంపింది. ఆ వారం జీతం పోయింది. 2016 నుంచి ఒక్క టీకాతో జీవితాంతం చెల్లుతుంది కాబట్టి ఓడ ఖాయమయ్యేదాకా ఆగకుండా ముందే వేయించుకుంటే మంచిది.

అగ్రిమెంటు మెయిల్‌లో వచ్చింది. సంతకానికి ముందు రెండు రాత్రులు కూర్చుని చదివా. జీతం ఎంత, ఓవర్ టైమ్ ఎలా, కాంట్రాక్టు ఎన్నాళ్లు, ఇంటికి పంపే ఖర్చు ఎవరిది.. ఇవన్నీ అందులో ఉండాలి. ఇంటికి పంపడం యజమాని బాధ్యత. యజమాని ఓడను వదిలేసి పారిపోతే కూడా నాలుగు నెలల జీతం దాకా, ఇంటికి చేరే ఖర్చుతో సహా, బీమా ఉండాలని 2017 నుంచి రూలు. ఆ బీమా కాగితం ఓడలో అందరికీ కనబడేలా అంటించి ఉంటుంది.

దుబాయ్ మీదుగా..

శంషాబాద్ నుంచి దుబాయ్. ఏడేళ్లు బతికిన ఊరు. సత్వాలో మా గదివాళ్లు బిర్యానీ వండి ఉంచారట. ట్రాన్సిట్‌లో ఉన్నాను, బయటికి వెళ్లడానికి వీసా లేదు. అద్దాల్లోంచి చూస్తూ ఫోన్లో మాట్లాడి విమానం ఎక్కేశా.

నాలుగున్నర గంటల్లో మాహే దీవి. సీషెల్స్‌కు ఎవరికీ వీసా అక్కర్లేదు గానీ ట్రావెల్ ఆథరైజేషన్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. నాది కంపెనీ తీసి పంపింది. గడియారం మార్చక్కర్లేదు, దుబాయ్ టైమే. బయట ఓడ పేరు రాసిన అట్ట పట్టుకుని పోర్ట్ ఏజెంటు నిలబడ్డాడు. రోడ్డు పక్కన కొబ్బరి చెట్లు, మామిడి చెట్లు. మా ఊరికే వచ్చానా అనిపించింది.

విక్టోరియా రేవులో ఓడను చూసి కాస్త నిరాశ పడ్డా. మా దుబాయ్ హోటల్ దీనికి నాలుగింతలుంటుంది! గ్యాంగ్‌వే దగ్గర సెక్యూరిటీ ఆయన పెట్టె స్కాన్ చేసి, ఫొటో తీసి, కార్డు ఇచ్చాడు. ఓడ దిగినా, ఎక్కినా ఆ కార్డు చూపించాల్సిందే. తర్వాత పర్సర్ ఆఫీసు. అక్కడ ఆవిడ "పాస్‌పోర్ట్, సీడీసీ ప్లీజ్" అని చెయ్యి చాపింది.

నా చెయ్యి ముందుకు రాలేదు. దుబాయ్‌లో చేరిన మొదటి రోజు పాస్‌పోర్టు ఇచ్చి, మళ్లీ చూడ్డానికి రెండేళ్లు పట్టింది. చట్టం ఒప్పుకోదని అప్పుడు నాకు తెలీదు. ఆవిడకు అర్థమైనట్టుంది. ప్రతి రేవులో ఇమిగ్రేషన్‌కు సిబ్బంది పాస్‌పోర్టులన్నీ ఒకేసారి చూపించాలి, అందుకే మా దగ్గర ఉంచుతాం, కావాలంటే అడిగి తీసుకోవచ్చు అని చెప్పి రసీదు రాసిచ్చింది. రసీదు జేబులో పెట్టుకున్నా. అన్ని పేజీల ఫొటోలూ నా ఫోన్‌లోనూ, మా ఆవిడ ఫోన్‌లోనూ ముందే ఉన్నాయి. మీరు ఎక్కడ పనిచేసినా ఈ పని చేసి ఉంచుకోండి.

కేబిన్ ఇద్దరికి. ఒకడి పెట్టె మంచం కిందికి తోస్తేగానీ రెండోవాడు నిలబడలేడు. బట్టలు మార్చుకునేలోపే డ్రిల్లుకు పిలిచారు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత.. అది వినపడితే చేతిలో ప్లేటు ఉన్నా వదిలేసి మన స్టేషన్‌కు పరిగెత్తాలి. నా పని అతిథుల పేర్లు పిలిచి లెక్క పెట్టడం. ముగ్గురి పేర్లు తప్పు పలికాను. నా పేరు వాళ్లూ అంతే అనుకోండి.

చిన్న ఓడలో ఒకడికి ఒకే పని ఉండదు. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ వడ్డించి, యూనిఫాం మార్చి, రబ్బరు పడవల్లోకి అతిథుల్ని చెయ్యి పట్టుకుని దింపాలి. మళ్లీ మధ్యాహ్నం భోజనం. చిన్నది కాబట్టి అలలకు ఎక్కువ ఊగుతుంది. మొదటి రాత్రి ఏమీ తినలేదు, తిన్నదీ ఆగలేదు. ఫిలిప్పీన్స్ కుర్రాడు ఆకుపచ్చ ఆపిల్, బిస్కెట్లు తెచ్చిచ్చి "మూడు రోజులు ఓర్చుకో" అన్నాడు. నాకు నాలుగు పట్టింది.

విశ్రాంతి గంటల షీటు మాత్రం జాగ్రత్తగా రాసుకోవాలి. 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని రూలు. సీజన్‌లో అది తప్పుతుంది. తప్పినా సరిగ్గా ఉన్నట్టు సంతకం పెట్టమని మా పైవాడు ఒకసారి షీటు తెచ్చాడు. నేను పని చేసిన గంటలే రాసి పెట్టా. రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు, తర్వాత మామూలైపోయాడు.

ఇంకో సంగతి దాచకూడదు. కాంట్రాక్టు అయ్యి ఇంటికొచ్చాక ఉన్న రెండు నెలలకు జీతం లేదు. నెల జీతం దుబాయ్ కంటే ఎక్కువే గానీ ఏడాది మొత్తం లెక్కేస్తే తేడా అంత పెద్దదేం కాదు. ఓడలో ఖర్చు లేదు కాబట్టి మిగిలింది. బావ నగల్లో సగం ఆ డబ్బుతోనే విడిపించాం.

ఇప్పుడు మా చిన్నాన్న కొడుకు ఓడకు వస్తానంటున్నాడు. కువైట్‌లో క్యాటరింగ్‌లో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి అడిగిన మొదటి మాట "అన్నా, ఎంత కట్టాలి?" నేను వాడి పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్ ఫొటోలు తీసి పంపమన్నా. పంపాడు. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, చుక్క పెట్టి. వచ్చే నెల సెలవుకు వస్తున్నాడు. కోర్సుకు చేరకముందే ఆ పని చూడాలి.