రీఫ్ అంటే రాయేనా?

మా ఊళ్లో రీఫ్ అంటే ఎవరికీ సముద్రం గుర్తు రాదు, ఛాంపియన్ రీఫ్స్ గుర్తొస్తుంది. మా తాత పనిచేసిన గని అది. బంగారం కలిసిన పలుగురాతి పొరను గనుల వాళ్లు రీఫ్ అంటారు. ఆ పొర వెంటబడే అక్కడ మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు.

అందుకే పోయిన సెలవుల్లో తూత్తుకుడి వెళ్లినప్పుడు మా అత్త కొడుకు "రీఫ్ చచ్చిపోతే దీవి కూడా పోతుంది" అంటే నాకు నవ్వొచ్చింది. రాయి చచ్చిపోవడమేంటి అన్నాను.

మా ఇంట్లో అమ్మది తెలుగు, అప్పాది తమిళం. తమిళంలో దాన్ని పవళప్పారై, అంటే పగడపు బండ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో ప్రవాళ భిత్తిక అని ఉంటుంది. ఒకరు బండ అన్నారు, ఒకరు గోడ అన్నారు. ప్రాణం సంగతి ఏ పేరులోనూ లేదు. నిజానికి దాన్ని కట్టేవి చిన్న చిన్న జంతువులు. మెత్తటి ఒళ్లు, నోటి చుట్టూ మీసాల్లాంటివి, అంతే. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం తీసుకుని తమ కింద సున్నపురాతి గూడు కట్టుకుంటాయి. అవి పోయాక వాటి గూళ్ల మీద కొత్తవి కడతాయి. వేల ఏళ్లు ఇలా జరిగితే ఒక దిబ్బ లేస్తుంది. అందులో ప్రాణం ఉండేది పైపొరలోనే.

ఈ దిబ్బ అలను ఎలా ఆపుతుంది? లోతు నీళ్లలో అల హాయిగా వస్తుంది, కింద తగిలేదేమీ ఉండదు. రీఫ్ అంచు దగ్గరికి రాగానే అడుగు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అల ఎత్తు పెరిగి, ముందుకు తూలి, అక్కడే విరిగిపోతుంది. మిగిలింది పగడాల కొమ్మలకు, గరుకు రాళ్లకు రాసుకుంటూ నీరసపడి ఒడ్డు చేరుతుంది. ప్రపంచంలోని చాలా రీఫుల లెక్కలు కలిపి చూసిన ఒక పరిశోధన 2014లో వచ్చింది. అల శక్తిలో సగటున 97 శాతం రీఫ్ దగ్గరే ఖర్చయిపోతుందని అది తేల్చింది. ఒడ్డున మనం కట్టే గోడ అల వచ్చి కొట్టాక ఆపుతుంది. రీఫ్ అలను దూరంలోనే విరగ్గొడుతుంది.

తూత్తుకుడి నుంచి రామేశ్వరం వైపు మన్నార్ సింధుశాఖలో 21 చిన్న దీవులు వరుసగా ఉన్నాయి. 1986లో వాటిని జాతీయ పార్కు చేశారు. దీవుల ఇసుకలో కూడా చాలా వరకు విరిగిన పగడాల పొడే, అంటే రీఫ్ దీవికి కాపలా ఒక్కటే కాదు, మట్టి కూడా అదే ఇస్తుంది. అలాంటి పగడాలను దశాబ్దాల పాటు సున్నం బట్టీలకీ, ఇళ్ల కట్టుబడికీ పడవల్లో తవ్వి తెచ్చారు. పూమరిచ్చాన్, విలంగుచల్లి అనే రెండు దీవులు నీళ్లలో మునిగిపోయాయి. వాన్ తీవు 16 హెక్టార్ల నుంచి రెండు హెక్టార్లకు వచ్చేసింది. తర్వాత దాని ముందు సముద్రంలో కాంక్రీటు దిమ్మెలు దించి కృత్రిమ రీఫ్ కట్టారు, ఇసుక మళ్లీ చేరడం మొదలైంది.

ఇదంతా వింటూ అత్త మెల్లగా అంది: "ఈ ఇంటి పునాదిలో వేసింది కూడా ఆ రాళ్లే. అప్పుడు అందరూ అవే వేసేవాళ్లు. అది రాయే అనుకున్నాం."

నేనేం అనగలను? మా ఊరంతా తవ్వకం మీద బతికిన ఊరే.

ఒక మాట మాత్రం చెప్పాలి. 2004 సునామీలో ఆ తీరాన్ని ఈ దీవులే కాపాడాయని అక్కడ చాలామంది అంటారు. మ్యాపు చూడండి, వాటికంటే ముందు శ్రీలంక అడ్డంగా ఉంది. రీఫ్ గొప్ప సునామీ రోజున కాదు, రోజూ వచ్చే మామూలు అలల దగ్గర, గాలివానల దగ్గర కనిపిస్తుంది.

ఇప్పుడు తవ్వకం ఆగింది కానీ నీళ్లు వేడెక్కుతున్నాయి. పగడం ఒంట్లో కంటికి కనబడని నాచు ఉంటుంది, దానికి తిండి పెట్టేది, రంగిచ్చేది అదే. వేడి ఎక్కువైతే పగడం ఆ నాచును బయటికి తోసేసి తెల్లగా అయిపోతుంది. అలాగే చాలా రోజులుంటే ఆకలితో చచ్చిపోతుంది. మన్నార్‌లో 2010లో, 2016లో ఇలా జరిగింది. ప్రపంచం మొత్తం మీద సముద్రం సగటున ఏడాదికి మూడు, నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతోంది. బతికున్న రీఫ్ దానితో పాటు కొంతవరకైనా పైకి పెరగగలదు. చచ్చిన రీఫ్ పెరగదు సరికదా, అరుగుతుంది. దాని పైన నీళ్లు లోతవుతాయి, అల విరగకుండానే దాటి ఒడ్డుకొచ్చేస్తుంది. బావ మాటకు అర్థం ఇదీ.

2001 ఫిబ్రవరి 28న మా గనులు మూసేశారు. అదే ఏడాది పగడాలను వన్యప్రాణి రక్షణ చట్టంలో, పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే చేర్చారు.

తిరిగి వచ్చే ముందు ఒడ్డున తెల్లటి పగడం ముక్క ఒకటి దొరికింది. జామెట్రీ బాక్సంత ఉంటుంది. ఇంటికి తేవాలనుకున్నాను, బావ వద్దన్నాడు, దొరికినదైనా తీసుకెళ్లకూడదట. అక్కడే పెట్టేసి వచ్చాను. మా ఇంటి షోకేసులో తాత తెచ్చిన పలుగురాయి ముక్క ఒక్కటే ఉంది.